నలభై లక్షల గొంతు

ఇకమీదట తన మాట ప్రజలకు అద్దంలా వినపడుతుందని మంత్రిగారు ప్రకటించారు. అద్దం ఎలా వినపడుతుందని ఎవరూ అడగలేదు. సభాహాలుకు నలభై లక్షలు పోసి రెండు స్పీకర్లు తెప్పించారు. ఒక్కొక్కటి బీరువా అంత ఉంది. ఆ డబ్బుతో మంచినీళ్ల పంపులు వేయొచ్చు కదా అన్నాడో విలేకరి.

"పంపులోంచి నా గొంతు వస్తుందటయ్యా?" అన్నారు మంత్రిగారు. ఆ తెలివి అందరికీ రాదు.

ఆ హాలు ఆపరేటరును అందరూ మైకుతాత అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా టెంపరరీ. ఇంకో ఏడు నెలలకు దిగిపోవాలి. ఈలోగా పర్మనెంటు అయితే పెన్షను, కాకపోతే దులుపుకున్న కండువా. కొత్త స్పీకర్లు బాగా పలికిస్తే మంత్రిగారి చేతే ఆర్డరు వేయిస్తానని పి.ఏ. మాటిచ్చాడు.

పాత పెట్టెలతో తాతకొక పద్ధతుండేది. మంత్రిగారు అంకె చెప్పగానే ఎకో పెంచేవాడు. "ఇరవై వేల ఇళ్లు" అంటే హాల్లో "ళ్లు ళ్లు ళ్లు" మాత్రం మిగిలేది. జనం సంతోషించేవారు. కొత్తవాటికి ఎకో లేదు. ఇంత ఖరీదైన సరుకులో అలాంటి చిల్లర పనులుండవని ఇంజనీరు గర్వంగా చెప్పాడు.

మొదటి సభ.

"రెండేళ్లలో ఇరవై వేల ఇళ్లు!"

ఆఖరి వరసలో ముసలమ్మకు కూడా వినపడింది. "పోయినసారీ రెండేళ్లే అన్నావుగా నాయనా?"

మంత్రిగారు పక్కకు వంగి, "ఈవిడ్నెవడు రానిచ్చాడ్రా?" అని గుసగుసలాడారు. గుసగుస అక్షరం పొల్లుపోకుండా హాలంతా పలికింది.

"మీవాళ్లే బస్సెక్కించారు బాబూ" అంది ముసలమ్మ.

పి.ఏ. పరుగున వచ్చాడు. "కొంప ముంచావు కదయ్యా తాతా!"

"సరుకు మంచిదండీ."

"ఆ మంచితనమే మన ప్రాణం తీసింది. వెనక్కి పంపితే పరువు పోతుంది. రేపు స్పీకర్లు కనపడాలి, మాట వినపడకూడదు. లేదంటే నీ పర్మనెంటు మీద ఆశ వదులుకో."

మర్నాడు తాత పెద్ద స్పీకర్ల తీగలు పీకేసి, వేదిక మీద మంత్రిగారి వైపు తిరిగి ఉండే చిన్న పెట్టెకు మాత్రమే తీగ తగిలించాడు. ఆయన గొంతు ఆయనకు కమ్మగా వినపడింది. నలభై నిమిషాలు మాట్లాడారు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా ముందు వరస కార్యకర్తలు చప్పట్లు కొట్టారు, వాళ్లను చూసి వెనకవాళ్లు. ఒక్క ప్రశ్నా రాలేదు.

"ఒక్క గరగర ఉందేమో చూడండి" అన్నాడు ఇంజనీరు. "డబ్బు ఊరికే పోదు."

చివర్లో మంత్రిగారు తాత వైపు వేలు చూపి నవ్వారు. పెదవులు చాలాసేపు ఆడాయి. చప్పట్లు మోగాయి. తాత కూడా కొట్టాడు.

సభ ముగిశాక మినిట్స్ రాసే గుమస్తా వచ్చాడు.

"తాతా, నీకేదో ఆర్డరు వేసినట్టున్నారు. ఏమన్నారు?"

"మీరు వినలేదా బాబూ?"

"నేనెక్కడో వెనకున్నా. హాల్లో వినపడిందే రాయాలి, అదీ రూలు."

"ఆయన్నే అడగండి."

"నలభై లక్షల స్పీకర్లలో వినపడలేదని నేనడగాలా? నాకూ పిల్లలున్నారు తాతా. ఏం రాయమంటావో చెప్పు."

తాత చిన్న పెట్టె తీగ ఊడదీశాడు.

"చప్పట్లు కొట్టారని రాయండి."

గుమస్తా రాసుకున్నాడు.