మామగారి కారుకు మూడో పెడల్

ఆ ఆదివారం ఉదయం భుజంగరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి బొమ్మనహళ్ళిలో మెకానిక్ షెడ్డుకు వెళ్ళి కారు తెచ్చుకోవాలి. తొమ్మిదింటికి వర్తూరులో ఇంటి దగ్గర భార్య అనితను ఎక్కించుకోవాలి. పదకొండుకల్లా హొసకోటెలో మామగారి చేతిలో తాళాలు పెట్టి, ఆయన నోట "శభాష్" అనిపించుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో మీరే చెప్పండి. భుజంగరావుకూ కనిపించలేదు. అతను వైట్‌ఫీల్డులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీనియర్ డైరెక్టరు. మూడొందల మంది చేసే పనిలో తప్పు ఎక్కడ జరగబోతుందో ముందే పసిగట్టడం అతని ఉద్యోగం.

ఆ శభాష్ కోసం అతను నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. మామగారు వెంకటరాయప్ప సొంత చేతులతో లారీ తోలి, ఒక లారీని ఆరు లారీలు చేసిన మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో విదేశీ ఇంజనీరు దేశం వదిలిపోతూ అమ్మిన నీలం రంగు పాత కారును ముచ్చటపడి కొన్నాడు. తీరా డ్రైవరు చేత ఇంటికి తెప్పించాక తెలిసింది, అది ఆటోమేటిక్ అని. "గేర్లు లేనిది బండేనా?" అని దాన్ని తుడిచి, గుడ్డ కప్పి పెట్టుకోవడమే తప్ప పెద్దగా నడిపింది లేదు. నాలుగేళ్ళ కిందట ఆ కారును అల్లుడికిస్తూ, చుట్టాలందరి ముందూ ఒక మాటన్నాడు.

"తీస్కోప్పా. గేర్లు లేవు, క్లచ్ లేదు. నీకు సరిపోతాది."

చుట్టాలు నవ్వారు. భుజంగరావు కూడా నవ్వాడు. ఏం చేస్తాడు, మాట నిజం. పద్దెనిమిదేళ్ళ కిందట అతను నేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు కారులో మాస్టారి వైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. నెల రోజులూ ఆ రెండూ తొక్కింది మాస్టారే. భుజంగరావు స్టీరింగ్ తిప్పాడు, హారన్ కొట్టాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. తర్వాత బెంగళూరు ట్రాఫిక్ మీద నెపం పెట్టి ఆటోమేటిక్ కార్లతోనే కాలం గడుపుకొచ్చాడు. "నేను డ్రైవర్ని కాదండీ, కారులో ముందు సీట్లో కూర్చునే ప్రయాణికుణ్ణి" అని ఇప్పుడు తనే చెప్పుకుంటాడు. అప్పట్లో చెప్పేవాడు కాదు.

ఈ ఏడాది వేసవిలో వెంకటరాయప్పకు మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆ పెద్దాయన గేటు దాటలేదు. వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే లారీల నంబర్లు చదువుకోవడమే పని. ఒకరోజు కూతురికి ఫోన్ చేశాడు. "ఆ కారు ఒకసారి పంపీమ్మా. నేనే నడపాల. ఇట్లే కూచుంటే నాకు పిచ్చి పట్టేట్టు ఉండాది."

అనిత ఆ మాట భర్త చెవిన వేసింది. భుజంగరావు మనసు ద్రవించిపోయింది. గేర్లు లేనిది బండే కాదన్న మనిషి, ఆ బండి కోసమే నోరు తెరిచి అడుగుతున్నాడంటే ఎంత దిగులుపడి ఉండాలి! ఆయనకు ఆ గేర్లేవో మనమే పెట్టించి ఇస్తే? ఆలోచన వచ్చిందే తడవు, అనితతో "మీ నాన్నగారికి పంపేముందు కారు సర్వీసుకిస్తున్నా" అని చెప్పి బొమ్మనహళ్ళి బయల్దేరాడు. ఆమెతో అసలు సంగతి చెప్పలేదు. సర్‌ప్రైజ్ అన్నాక ఎవరికీ చెప్పకూడదు కదా.

తిమ్మరాయప్ప పాత కార్లకు పేరుమోసిన మెకానిక్. విషయం విని, చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"అందరూ కాళ్ళు నొప్పులంటా క్లచ్ తీసేయమని వస్తారు సార్. మీరేంది, ఉండే సుఖం తీసేయమంటా ఉండారు?"

"నడిపేది నేను కాదు. మా మామగారు."

"వయసెంత?"

"డెబ్బై నాలుగు."

"ఈ వయసులో క్లచ్ యాల సార్ ఆయప్పకు?"

"నలభై ఏళ్ళు లారీలు తోలిన మనిషి. గేర్ రాడ్ చేతిలో లేకపోతే ఆయనకి తిన్నది అరగదు."

"కాళ్ళూ చేతులూ బాగుండాయా?"

"మొన్నే మోకాలు కొత్తది వేయించాం" అన్నాడు భుజంగరావు గర్వంగా. "ఇప్పుడు ఆయన కాలు నాకంటే స్ట్రాంగ్!"

కొత్త మోకాలనేసరికి తిమ్మరాయప్పకు ధైర్యం వచ్చింది. పాత పార్టు తీసి కొత్త పార్టు వేశాక బండి బాగా నడవాలన్నది అతని అనుభవం. సరేనని పనిలోకి దిగాడు. ఆటోమేటిక్ గేర్ల పెట్టె దించడానికి ఒక వారం, అదే మోడల్ పాడుబడ్డ కారు నుంచి గేర్‌బాక్సు దొరకడానికి మూడు వారాలు. కొత్త పెట్టె ఎక్కించాక చక్రాలకు పోయే షాఫ్టు పొడవైంది, దాన్ని కోయించాలి. గేర్ రాడ్ పైకి రావడానికి కారు అడుగున రేకు కోయాలి. కాళ్ళ దగ్గర మూడో పెడల్‌కు చోటు చేయాలి. రెండు వారాలన్న పని తొమ్మిది వారాలైంది.

ఎనిమిదో వారంలో తిమ్మరాయప్ప ఫోన్ చేశాడు. "క్లచ్ గట్టిగా ఉండాది సార్. మెత్తగా చేయాలంటే ఇంకో వారం పడతాది."

"అక్కర్లేదు, గట్టిగానే ఉంచు. మామగారికి లారీ గుర్తు రావాలి" అన్నాడు భుజంగరావు.

ఈలోగా అనిత తండ్రితో "కారుకి ఏదో పెద్ద పని చేయిస్తా ఉండారు నాన్నా, అంతా నీ కోసమే" అని చెప్పేసింది. మరునాడే వెంకటరాయప్ప అల్లుడికి ఫోన్ చేశాడు.

"నా కాలికి తగినట్ల బండిని చేయిస్తా ఉండావంట గదప్పా! నీ మాదిరి అల్లుడు ఎవరికి ఉండాడు?"

అరెరె, తెలిసిపోయిందే అనుకున్నాడు భుజంగరావు. అయినా సంతోషంతో గాలిలో తేలిపోయాడు. "ఇక మీ కాలికి పనే పని మామయ్యా!"

"డాక్టరూ అదే చెప్పినాడు. కాలు ఆడిస్తా ఉండాలంట. ఆదివారం నా స్నేహితులు ముగ్గుర్ని ఎక్కించుకొని కోలారు రోడ్డులో ఇడ్లీ తిని రావాలని ఉండాది. అందరికీ చెప్పేసినా!"

ఇద్దరూ ఆనందంగా ఫోన్లు పెట్టేశారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమైందనే ఇద్దరూ అనుకున్నారు.

అలా ఆ ఆదివారం వచ్చింది. షెడ్డులో తాళాలిస్తూ తిమ్మరాయప్ప జాగ్రత్తలు చెప్పాడు. "ముందు ఈ బండి గేర్లో ఉంటే స్టార్టయ్యేది కాదు. అట్ల ఆపే స్విచ్చి తీసేసి వైరు కలిపేసినా. ఇప్పుడు గేర్లో ఉన్నా స్టార్టయితాది. చూసుకోండి సార్."

"తెలుసు తెలుసు" అంటూ భుజంగరావు తాళం తిప్పాడు. బండి గేర్లో ఉంది. ఒక్క గెంతు గెంతి, ఎదురుగా పేర్చిన పాత టైర్ల మీదికి పోయి ఆగింది.

"సార్, మీకు గేరు బండి వస్తాది గదా?"

"లైసెన్స్ ఉందయ్యా!" అన్నాడు భుజంగరావు. తిమ్మరాయప్ప అడిగింది అది కాదు.

బొమ్మనహళ్ళి నుంచి వర్తూరుకు ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పొచ్చు. భుజంగరావు మాత్రం ఇంజను ఎన్నిసార్లు ఆగిందో లెక్క చెబుతాడు. ఇరవై ఏడుసార్లు. పద్దెనిమిదేళ్ళుగా ఏ పనీ లేకుండా కూర్చున్న ఎడమ కాలు ఒక్కసారిగా ఉద్యోగంలో చేరమంటే చేరుతుందా? తొక్కమన్నప్పుడు మరిచిపోయింది, వదలమన్నప్పుడు ఎగిరింది. సర్జాపుర రోడ్డులో ఒక ఆటో డ్రైవరు పక్కకొచ్చి, "ఎల్ బోర్డు పెట్టుకోండి సార్, తిట్టేవాళ్ళు కొంచెం తక్కువ తిడతారు" అని సలహా ఇచ్చాడు. "ఆ పొద్దు నా వెనకాల మోగినన్ని హారన్లు, నా పెళ్ళిలో బాజాలు కూడా మోగలేదు" అని భుజంగరావు ఇప్పటికీ అంటాడు.

ఎలాగో అపార్టుమెంటు చేరాడు. ర్యాంపు మీద ఇంజను ఆపి, హాయిగా తలుపు తీసుకుని దిగాడు. ఆటోమేటిక్ కారును 'పార్క్' గేరులో పెడితే అది అక్కడే ఉంటుంది. గేరు బండికి హ్యాండ్‌బ్రేకు వేయాలి. ఈ తేడా అతనికి గుర్తొచ్చేసరికి కారు తనంతట తాను కిందికి బయల్దేరింది. దేవుడి దయవల్ల వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. కుర్చీ లేవలేదు. కారు దాన్ని పిండి చేసి, పూలకుండీలకు ఆనుకుని ఆగింది. అనిత కిందికి దిగి అదంతా చూసి, "ఇదేనా సర్వీసు?" అంది.

ఆమె తొందరపడి మాట అనే మనిషి కాదు. కారు ఊగుతూ, గెంతుతూ హొసకోటె చేరేదాకా డాష్‌బోర్డు పట్టుకుని ఓర్చుకుంది. అప్పుడు కిందికి చూసింది.

"ఏమండీ, ఆ మూడో పెడల్ ఏంది?"

"సర్‌ప్రైజ్! క్లచ్. మీ నాన్నగారికి గేర్లంటే ప్రాణం కదా."

అనిత డాష్‌బోర్డు వదిలి అతని వైపు తిరిగింది. "నాన్నకి ఆపరేషన్ అయింది ఏ కాలికి?"

"ఎడమ కాలికి. ఆస్పత్రి ఫారం మీద సంతకం పెట్టింది నేనేగా."

"క్లచ్ ఏ కాలితో తొక్కుతా ఉండారు?"

భుజంగరావు కిందికి చూసుకున్నాడు. తన ఎడమ కాలు కనిపించింది. అది ఎక్కడుందో కూడా కనిపించింది. ఇంజను ఇరవై ఎనిమిదోసారి ఆగిపోయింది.

"క్లచ్ బండి జోలికి పోవద్దని డాక్టరు చెప్పినాడనే గదా నాన్న ఈ కారు అడిగింది! నాతో ఒక్క మాట చెప్పుంటే?"

"సర్‌ప్రైజ్ అని..."

"అయింది. బాగా అయింది సర్‌ప్రైజ్!"

భుజంగరావు, బండి పాడైందని అబద్ధం చెప్పి ఇట్నుంచి ఇటే వెనక్కి పోదామన్నాడు. అప్పటికే మామగారి వీధి మొదట్లో ఉన్నారు. వెంకటరాయప్ప ఇస్త్రీ పంచె కట్టుకుని, చేతికర్ర కూడా లేకుండా గేటు బయట నిలబడి ఉన్నాడు. పక్కన ముగ్గురు స్నేహితులు. అత్తగారు మునివెంకటమ్మ చేతిలో హారతి పళ్ళెం. అయిదు నెలల తర్వాత ఆయన గేటు దాటిన మొదటి రోజు అది.

"చూడండప్పా, నా కాలు చూసి నా అల్లుడు చేయించిన బండి!" అని స్నేహితులతో అంటూ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కిందికి చూశాడు. ఎడమ కాలు ఎత్తి మూడో పెడల్ మీద పెట్టి తొక్కబోయాడు. అది సగం కూడా దిగలేదు. నొప్పికి ఆయన మొహం ముడుచుకుపోయింది. కాలు తీసేశాడు. ముగ్గురు స్నేహితులూ ఆకాశం వైపు చూశారు. హారతి ఆరిపోయింది.

"ఇదేందప్పా?" అన్నాడు మెల్లగా.

భుజంగరావుకు ఏడుపొక్కటే తక్కువ. "తప్పంతా నాదే మామయ్యా. క్లచ్ ఏ కాలితో తొక్కుతారో నాకు తట్టలేదు. అసలు నాకు గేరు బండే రాదు. మీరు నన్ను మెచ్చుకోవాలని చేశాను. మీరు నడపగలిగిన ఒక్క బండినీ నేనే నాశనం చేశాను. రేపే తీసుకెళ్ళి పాతది పెట్టించేస్తాను" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. మూడొందల మందికి పై అధికారి, నడివీధిలో మామగారి కారు తలుపు పట్టుకుని ముక్కు తుడుచుకున్నాడు.

వెంకటరాయప్ప ఎడమ చెయ్యి గేర్ రాడ్ మీద ఉంది. ఇంజను ఆపి ఉన్న బండిలోనే ఒకటో గేరు వేశాడు, రెండు, మూడు, మళ్ళీ రెండు. అలా కాసేపు ఆడించి, కిందికి దిగి, కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఎక్కప్పా."

"నాకు రాదు మామయ్యా!"

"నిన్నెవరు నడపమన్నారు? నడిపేది నేను. తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు. స్టీరింగ్ సుమ్నే, ఊరికే పట్టుకో."

స్నేహితులు ఒకరి మొహాలొకరు చూసుకుని, ధైర్యం తెచ్చుకుని వెనక ఎక్కారు. అనిత మాత్రం "నేనిక్కడే ఉంటా" అని తల్లి పక్కకు జరిగింది.

"తొక్కు!" అన్నాడు వెంకటరాయప్ప. కుడి చేత్తో గేరు వేశాడు. "వదులు. మెల్లగా. పసిబిడ్డని కింద పడుకోబెట్టినట్ల!" కారు ఒక్క కుదుపు లేకుండా కదిలింది. "తొక్కు!" రెండో గేరు. "వదులు!" ఇంజను చప్పుడు విని గేరు ఎప్పుడు మార్చాలో ఆయన చెవికే తెలుసు. కోలారు రోడ్డెక్కేసరికి నాలుగో గేరు పడింది. "శభాష్! ఏం పడతా ఉండాదప్పా, వెన్న మాదిరి!" అని కేక పెట్టాడు. భుజంగరావు మొహం వెలిగిపోయింది. మామగారు మాత్రం గేర్ రాడ్ వైపే చూస్తున్నాడు.

మరునాడు అతను ఫోన్ చేసి, "మామయ్యా, ఆటోమేటిక్ మళ్ళీ పెట్టించడానికి మెకానిక్‌తో మాట్లాడుతున్నా" అన్నాడు.

"ముట్టుకున్నావంటే చూడు!" అని అరిచాడు వెంకటరాయప్ప. "కాలు ఆడక ఆ గేర్లు లేనిది అడిగినా గాని, మనసుండి అడిగినానా? ఆదివారం ఎనిమిదికంతా వచ్చేయ్. ఆలస్యం చేయొద్దు."

ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఊళ్ళో ఎవరడిగినా, "బండి నేనే నడపతా ఉండా" అని వెంకటరాయప్ప చెబుతాడు. వెనక సీటు ముగ్గురూ అవునని తల ఊపుతారు. భుజంగరావు కూడా ఊపుతాడు. వైట్‌ఫీల్డు ఆఫీసులో అతని తలుపు మీద సీనియర్ డైరెక్టర్ అని రాసి ఉంటుంది. హొసకోటెలో అతను క్లచ్.