పులి గుర్తింపు శాఖ

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ మా అడవి అంత పెద్దదేం కాదు. ఈ చివర తుమ్మితే ఆ చివర దున్నలు తలెత్తి చూస్తాయి. మా దగ్గర పెద్దవి అంటే కమిటీలే.

నేను ఎలుగుబంటిని. అందరూ మాష్టారూ అంటారు, ఎవరికి ఏం నేర్పానో మాత్రం అడక్కండి. నాకు చూపు ఆనదు. ఎదురుగా ఉన్నది చీమల పుట్టో, పడుకున్న పందో, ముక్కు ఆనించి చూస్తే గానీ తెలీదు. ఈ సంగతి అడవంతటికీ తెలుసు. అందుకే కాబోలు, చూసి పోలిక పట్టే శాఖ ఒకటి పెట్టినప్పుడు దానికి నన్నే అధిపతిని చేశారు.

శాఖ ఎందుకొచ్చిందో చెప్తాను. మా వాగు దగ్గర ఒక పులి మాటు వేస్తుండేది. చెంగావి అనే చుక్కల దుప్పికి తొలి కాన్పులో పుట్టిన పిల్లను కిందటి వేసవిలో ఆ వాగు ఒడ్డునే ఎత్తుకుపోయింది. చెంగావి మళ్ళీ ఈనింది. పిల్లను గడ్డిలో దాచిపెట్టి, మా సభకొచ్చి నిలబడింది.

"ఈ పిల్లనైనా నాకు దక్కనివ్వండి అయ్యా," అంది. "కొండముచ్చులు కొమ్మల మీంచి చూసి కేకేస్తాయి, మేం కింద నుంచి కూత వేస్తాం. ఎలాగో నెట్టుకొస్తున్నాం. వాగు దగ్గర కాపలా పలచగా ఉంది. అక్కడ ఇంకొక్క కొండముచ్చును పెట్టించండి, చాలు."

పాపం, అడిగింది ఒక్క కొండముచ్చుని. మావాళ్ళు ఏకంగా శాఖే ఇచ్చారు.

"కూతలూ కేకలూ పాతకాలం పద్ధతమ్మా," అన్నారు అధ్యక్షులు ఏనుగు గారు. "పక్క అడవిలో పులిని గుర్తుపట్టే యంత్రం పెట్టారట. మనకేం తక్కువ?"

"యంత్రమంటే ఏంటండీ?" అని అడిగాడు అడవిదున్నల నాయకుడు బండయ్య.

అందరూ నా వైపు తిరిగారు. నాకూ తెలీదు. తెలీదని ఉపన్యాసం మానుకుంటామా? గొంతు సవరించుకున్నాను.

"యంత్రమంటే తనంతట తను నేర్చుకునేది. పులి ఇలా ఉంటుందని దానికి మనం చెప్పకూడదు. బొమ్మలు చూపించాలి. ఇది పులి, ఇది పులి కాదు. ఇది పులి, ఇది పులి కాదు. చూడగా చూడగా రెంటికీ తేడా ఎక్కడుందో అదే పట్టేస్తుంది. ఆ తర్వాత ఎన్నడూ చూడనిది ఎదురైనా, అది ఏ బొమ్మలకి దగ్గరగా ఉందో చూసి పేరు చెప్పేస్తుంది!"

సభ చప్పట్లతో మారుమోగింది. నేను చెప్పినదాంట్లో తప్పేం లేదు సుమండీ. ఇప్పటికీ అదే పాఠం చెప్తున్నాను. బొమ్మలు ఎవరు గీస్తారు, ఎలా గీస్తారు అన్నది మాత్రం ఆ పాఠంలో ఉండేది కాదు.

వాగు గట్టున ఒక బోలు మాను చూసి అందులో గోరువంకల గుంపును కూర్చోబెట్టాం. అదే మా యంత్రం. పుట్టాక పులి మొహం చూడని లేత గోరువంకల్నే ఏరాం. ముందే తెలిసినవాళ్ళకి నేర్పడానికి ఏముంటుంది? ఇదీ నా తెలివే.

బొమ్మలు గీయడానికి చేతులు కావాలి. చేతులున్నది కొండముచ్చులకి. చెట్ల మీద కాపలా కాసేవాళ్ళందర్నీ దింపేసి బొమ్మల డ్యూటీకి మార్చాం. వాళ్ళ పెద్ద కొమ్మలరావు చేతికి జేగురు రాయీ చెట్టు బెరళ్ళూ ఇచ్చాను.

"మాష్టారూ, పులి బొమ్మ గీయాలంటే పులి ఎదురుగా ఉండాలి గదా?" అన్నాడు కొమ్మలరావు.

"ఉండాలి."

"అది మెలకువగా ఉంటేనో?"

"మరీ మంచిది. బొమ్మ సహజంగా వస్తుంది."

"బొమ్మ వస్తుంది మాష్టారూ, నేను రాను."

చివరికి వాళ్ళో ఉపాయం కనిపెట్టారు. పులి కడుపు నిండా తిని గుర్రుపెట్టి నిద్రపోతుంటే, దూరంగా కొమ్మ మీద కూర్చుని గీసుకొచ్చేవాళ్ళు. అన్ని బొమ్మల్లోనూ పులి కళ్ళు మూసుకునే ఉంది. కన్ను ఉండాల్సిన చోట ఒక చిన్న అడ్డగీత.

"చారలేవోయ్?" అని అడిగాను, ఎవరో చెబితే.

"అన్ని చారలూ గీసేలోపు అది లేస్తే? నాకూ పెళ్ళాం పిల్లలున్నారు మాష్టారూ."

"సర్లే, చారలదేముంది," అన్నాను. నాకైతే చారలు ఎటూ కనపడవు.

ఇక పులి కానివాళ్ళ బొమ్మలు. అబ్బబ్బ, ఆ తోపులాట చూడాలి! ఉచితంగా బొమ్మ గీస్తున్నారనేసరికి అడవంతా మొహాలు కడుక్కుని వచ్చేసింది. బండయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. నెమలి తోకతో పాటు కళ్ళకి కాటుక కూడా కనపడాలంది. ఏనుగు గారైతే కొమ్మలరావుని పక్కకి పిలిచి, "నా కళ్ళు కాస్త పెద్దవి చెయ్యవయ్యా. చూసినవాళ్ళకి దూరదృష్టి తెలియాలి," అన్నారు. ఒక్కరూ కళ్ళు మూసుకున్న బొమ్మకి ఒప్పుకోలేదు. నా బొమ్మ కూడా చక్కగా వచ్చిందని విన్నాను.

గోరువంకలకి ఆ బొమ్మలన్నీ చూపించి చెప్పాం. తర్వాత పరీక్ష పెట్టాం. నేర్పిన బొమ్మలే తిరగేసి మళ్ళీ అడిగాం. ఒక్కటి తప్పితే ఒట్టు!

"కొత్త బొమ్మలు గీసుకొచ్చి అడుగుదామా?" అన్నాడు కొమ్మలరావు.

"పాఠంలో లేనిది పరీక్షలో ఇస్తే ఏం న్యాయమయ్యా?" అని కసిరాను.

వెంటనే సభ రెండు ఆజ్ఞలు చాటింది. ఒకటి, యంత్రం ఎవర్ని పులి అంటే వాళ్ళని బండయ్య దళం కుమ్మి తరిమెయ్యాలి. రెండు, ఇకమీదట దుప్పులు గానీ కొండముచ్చులు గానీ సొంతంగా కూతలు వెయ్యకూడదు, గందరగోళం అవుతుంది. రెండో ఆజ్ఞ వినగానే చెంగావి మొహం పాలిపోయిందని తర్వాత కొమ్మలరావు నాతో అన్నాడు. నాకు కనపడితేగా.

మర్నాడు పొద్దున్నే గోరువంకలు ఒక్కపెట్టున అరిచాయి. "పులి! పులి! గడ్డిలో పులి!"

బండయ్య దళం నేల అదిరేట్టు పరుగెత్తింది. నేనూ రొప్పుకుంటూ వెళ్ళాను. దుప్పిపిల్లలు తల్లి వచ్చేదాకా గడ్డిలో కదలకుండా ముడుచుకుని పడుకుంటాయి గదా. చెంగావి పిల్లా అలాగే కళ్ళు మూసుకుని పడుకుంది. పిల్లకీ దున్నలకీ మధ్య చెంగావి అడ్డం నిలబడి ఉంది.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను. ఇది నా బిడ్డ!"

"పక్కకి జరగమ్మా," అన్నాడు బండయ్య. వాడి గొంతులోనూ ఇబ్బంది ఉంది. "నాకూ దుప్పిపిల్లలాగే కనపడుతోంది. కానీ యంత్రం పులంటోంది. రేపు నన్నడుగుతారు."

"మాష్టారూ! మీరు చెప్పండి!"

నేను వంగి ముక్కు ఆనించాను. కమ్మటి పాల వాసన. పులి దగ్గర పాల వాసన ఎందుకొస్తుంది? అది దుప్పిపిల్లేనని నాకు ఇట్టే తెలిసిపోయింది. చెప్పేస్తే పోయేదేముంది? శాఖ పోతుంది. అందుకని గంభీరంగా, "వాసన మా పద్ధతిలో లేదమ్మా," అన్నాను.

బండయ్య కొమ్ములు దించాడు. చెంగావి వెనక్కి తిరిగి పిల్లను మూతితో ఒక్క పోటు పొడిచింది. పిల్ల ఉలిక్కిపడి, కళ్ళు ఇంతింత చేసుకుని లేచి నిలబడింది.

"పులి కాదు! పులి కాదు!" అన్నాయి గోరువంకలు.

బండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. చెంగావి అక్కడే కూలబడి పిల్లని నాకుతూ ఏడ్చింది. నేనేం చేశాననుకున్నారు? "చూశారా, మన యంత్రానికి భయపడి పులి పారిపోయింది," అని ప్రకటించాను.

ఇంత గొప్ప విజయానికి సన్మానం లేకపోతే ఎలా? వాగు గట్టునే సభ పెట్టారు. నాకు ఇప్పపూల దండ వేశారు. మొదటి వరసలో, యంత్రం వల్ల ప్రాణం దక్కించుకున్న కుటుంబమని చెంగావినీ పిల్లనీ నిలబెట్టారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. మొదలుపెట్టానంటే మీకు అర్థమయ్యే ఉంటుంది, అధ్యక్షుల వారికి కునుకు పట్టేసింది.

"పులి!" అన్నాయి గోరువంకలు. "పులి! కుర్చీలో పులి!"

బండయ్య తలగోక్కున్నాడు. "మాష్టారూ, అధ్యక్షుల వారిని పులంటోంది."

"యంత్రం అన్నాక అన్నదే. నువ్వు నీ పని చూసుకో," అన్నాను, ఉపన్యాసం ఆగిపోతోందన్న చిరాకులో.

దళమంతా ఏనుగు గారి వెనక భాగానికి కొమ్ములు గురిపెట్టింది. ఆయన "అయ్యబాబోయ్!" అని లేచి వాగులోకి దూకారు. ఈ గొడవలో గట్టు మీదికి ఇంకెవరో వస్తున్న అలికిడైంది. పచ్చగా, పెద్దగా, నింపాదిగా.

"పులి కాదు! పులి కాదు!" అని గోరువంకలు తీయగా పలికాయి.

పక్క అడవి ప్రతినిధి అనుకున్నాను. నా ముక్కు నిండా ఇప్పపూల వాసనే, ఇంకేం పసిగడుతుంది? "రండి రండి, ముందు వరసలో కూర్చోండి!" అని ఆహ్వానించాను. ఆయన వచ్చి, దుప్పిపిల్లకి అరగజం దూరంలో కూర్చున్నాడు. గౌరవంగా దండ తీసి ఆయన మెడలో వెయ్యబోయాను.

అప్పుడే దున్నల రభస నుంచి తల తిప్పిన చెంగావి చూసింది. ఆజ్ఞా లేదు, సభా లేదు. ముందుకాలు నేలకేసి కొట్టి, గుండె పగిలేట్టు కూసింది. కొమ్మలరావు జేగురు రాయి అవతల పారేసి చెట్టెక్కి అందుకున్నాడు. ఆ రెండు గొంతులూ వినపడగానే సభలో ఎవరూ పోలిక చూడలేదు, పద్ధతి అడగలేదు. ఎవరి కాళ్ళు వాళ్ళని ఎత్తుకుపోయాయి. పిల్ల తల్లి వెంట ఒక్క గెంతులో పొదలు దాటేసింది. పులికి చిక్కింది ఇప్పపూల దండా, నా వీపు మీది గుప్పెడు బొచ్చూ.

తర్వాత విచారణ కమిటీ వేశారు. అధ్యక్షుణ్ణి నేనే. గోరువంకల్ని పిలిచి, "ఏవమ్మా, పులి వస్తే పులి కాదన్నారేంటి?" అని అడిగాను.

"కన్ను గీతలా ఉంటే పులి, గుండ్రంగా ఉంటే కాదు," అన్నాయవి. "మీరు చూపించినవన్నీ అంతేగా. ఇంతకీ మాష్టారూ, పులంటే ఏంటి?"

నేను ఆలోచించి తీర్పిచ్చాను. యంత్రం తప్పేమీ లేదు. నిబంధన ప్రకారం నిద్రపోకుండా రావడం పులి తప్పు. నిషేధం ఉండగా కూత వెయ్యడం చెంగావి తప్పు.

తీర్పు చెప్పడానికి చెంగావిని పిలిపించాను. పిల్ల దాని కాళ్ళ సందున నిలబడి పాలు తాగుతోంది.

"మళ్ళీ కూస్తావా?" అన్నాను.

"కూస్తాను."

"శిక్ష పడుతుంది మరి."

"పడనివ్వండి మాష్టారూ. పిల్ల ఉంది, అది చాలు."

"అలా మొండికేస్తే ఎట్లా అమ్మాయ్? కూత అనేది శాస్త్రీయం కాదు. దానికి ఎటువంటి..."

చెంగావి చెవులు నిక్కించి కూసింది. ఆ వాక్యం నేను చెట్టు మీద పూర్తి చేశాను.

నీతి, మా శాఖ ఆమోదించినంత మేరకు: ప్రాణం దక్కాలంటే తల్లి కూత వినండి, పదవి దక్కాలంటే యంత్రం మాట వినండి.