భూగర్భ అభివృద్ధి

ఎర్రగుంటపల్లి కింద వెయ్యేండ్ల నాటి కోట నిద్రపోతోందని, దాన్ని తానే స్వయంగా లేపుతానని ఎమ్మెల్యే విజేందర్ గారు మర్రిగూడ సభలో ప్రకటించారు. నేల లోపలికి చూసే రాడార్ యంత్రం వస్తుందన్నారు. భూమి పైనున్న సమస్యలన్నీ తీర్చేసిన నాయకుడికి ఇక మిగిలింది లోపలే కదా.

యంత్రం వచ్చింది. పసిపిల్లల్ని తోసే బండిలా నాలుగు చక్రాలు, పైన ఒక తెర. కొనుక్కున్న నీళ్ల క్యాన్ చంకనెత్తుకుని స్వరూప చూస్తూ నిలబడింది. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో అత్త కాళ్లు వంకర్లు పోయాయి. కూతురి పళ్లకు అప్పుడే పసుపు గార. ఇంటి ముందు నల్లా ఉంది, నీళ్లే రావు. వీధి కింద పైపు వేశామని, ఎక్కడో అడ్డుపడిందని ఆఫీసువాళ్లు అంటారు. ఎక్కడో తెలిస్తే తవ్వుతారట.

"సారూ, గా మిషిన్ల మా పైపు గూడ కనవడ్తదా?"

విజేందర్ గారు కెమెరాల వైపు తిరిగి నవ్వారు. "రాజుల కోటనే దొరకవట్టే మిషిన్‌కు నీ పైపొక లెక్కనా చెల్లే! నడిపియ్యి రాజేందర్!"

రాడార్ నిపుణుడు రాజేందర్ బండిని వీధి పొడుగునా తోశాడు. అడ్డంగా తోశాడు. పైపుంటే తెర మీద విల్లులా వంపు రావాలట. రాలేదు.

"జర చెప్పు తమ్మీ, యాడ అడ్డువడ్డది?"

"అడ్డు గాదక్కా, పైపే లేదు. నేలను తవ్విన ఆనవాలు గూడ లేదు."

పైపుల కాంట్రాక్టర్ ఐలేశం ఎమ్మెల్యే గారి బామ్మర్ది. "మిషిన్ ఖరాబైంది బావా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఖరాబైతే రేపు కోటెట్ల దొరుకుతదిరా?" అని విజేందర్ గారు పళ్లు కొరికారు. నాయకుడన్నవాడు ఎక్కువసేపు పళ్లు కొరకడు. మైకందుకున్నారు.

"సోదరులారా! ఏనాడూ గడ్డపార తగలని పవిత్రమైన మట్టి మనది! ఇయ్యాల్టి నుంచి ఇది రక్షిత ప్రాంతం. ఎవ్వలూ తవ్వొద్దు!"

చప్పట్లు మోగాయి. గడ్డపార తగలకుండా కోట ఎలా కట్టారని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగలేదు.

"మరి నీళ్లు సారూ?"

"తవ్వకుంట పైపెట్ల ఏస్తరు చెల్లే? చట్టం ఒప్పుకోదు," అని నచ్చజెప్పి ఆమెకు శాలువా కప్పారు.

ఊరి చుట్టూ కంచె వేసే పని ఐలేశానికే దక్కింది. పని పూర్తయిందని పేపర్లో చదివి, స్వరూప ఊరి చుట్టూ తిరిగి వచ్చింది.

"కంచె యాడున్నదే అన్నా?" అని ఐలేశాన్ని అడిగింది.

"భూమి లోపలున్నదమ్మా. పైనేస్తే ఊరి అందం చెడదా?"

చూడాలంటే తవ్వాలి. తవ్వితే కేసు.