ఇల్లు కుక్కలకి, మర్యాద కండక్టరమ్మకి

మర్యాద కావాలా? వీలునామా రాయండి! ఉన్నదంతా ఏదైనా సేవాసంస్థకు రాసేసి, ఆ సంగతి మెల్లగా వాళ్ళ చెవిన వేయండి. ఇక మర్నాటి నుంచి మిమ్మల్ని కాలు కింద పెట్టనిస్తే నన్నడగండి.

ఎస్టేట్ ప్లానింగ్ అనగానే అదేదో ఎస్టేట్లున్న వాళ్ళ గొడవ అనుకుని పేజీ తిప్పేయబోతున్న పాఠకులకు ఒక్క మనవి. మూడు గదుల ఇల్లు, దానికో తలుపు, ఆ తలుపుకో తాళం ఉంటే చాలు, మీరూ ఎస్టేటే. ఆ ఇల్లు మనం పోయాక ఎవరికి పనికొస్తుందన్నది అందరూ చెబుతారు. పోకముందు మనకెంత సుఖం పెడుతుందో ఎవరైనా చెప్పారా? ఆ లోటు తీర్చడానికే కలం పట్టాను. నేనుండేది అద్దె ఇంట్లో కాబట్టి నిష్పాక్షికంగానే రాస్తానని నమ్మవచ్చు.

అనుమానముంటే మా వీధిలోని కండక్టరమ్మను చూడండి.

ఉద్యోగమంతా సిటీబస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "బస్సెక్కిన మొగుడూ పెళ్ళాల మాటలు అన్నేళ్ళు విన్నాక ఎవరు చేసుకుంటారు?" అంటుంది. నిలబడి నిలబడి కూర్చోవడమే మర్చిపోయింది. టీ తాగాలన్నా తలుపుకు ఆనుకుని నిలబడే తాగుతుంది. ఇంట్లో కుర్చీలు వచ్చేపోయే వాళ్ళకే. అన్నం కూడా వంటగది గట్టు దగ్గరే, ఒక చేత్తో అలమర పట్టుకుని తింటుంది. ఇల్లు సడెన్ బ్రేక్ వేస్తుందని ఆవిడ భయమేమో మరి!

రిటైరయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ ఉండలేక, వీధికుక్కల శరణాలయానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం కుక్కలకు స్నానాల డ్యూటీ. జీతం లేదు, భత్యం లేదు. చేతులు పైకి మడిచి, పైపు పట్టుకుని, కుక్కల్ని వరసలో నిలబెట్టి "జరగండి జరగండి, ముందంతా ఖాళీగానే ఉంది" అని అదిలిస్తుంటే, అవి నిజంగానే జరిగేవట.

వాటిలో ఒక ముసలి కుక్క ఉంది. వచ్చిన ప్రతివాళ్ళ జేబూ వాసన చూస్తుంది, ఎవర్నీ నమ్మదు. అందుకని కండక్టరమ్మ దానికి 'ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టింది. దానికి చర్మం జబ్బు, మందు నీళ్ళతో స్నానం చేయించాలి. ఇంకెవరు పైపు పట్టుకున్నా మీదికొస్తుంది, ఈవిడ పట్టుకుంటే మాత్రం కళ్ళు మూసుకుని నిలబడుతుంది. "చెకింగ్ వాళ్ళకి భయపడుతూ ఉద్యోగం చేశాను. ఇప్పుడు చూడు, ఇన్‌స్పెక్టరు చెవులు నా చేతిలో ఉన్నాయి" అని మురిసిపోయేది.

ఆ రోజుల్లో శరణాలయం మేనేజరమ్మకు ఈవిడంటే మర్యాద అనే మాటే లేదు. "ఏంటమ్మా ఇంత సబ్బు వాడేశారు?" అని కసిరేది. "ఆ మూల గది కంపు కొడుతోంది, మీ కళ్ళకి కనబడదా?" అనేది. కండక్టరమ్మ ఊరుకునే రకమా? "కంపు కళ్ళకెలా కనబడుతుందమ్మా?" అని ఎదురడిగి, తిట్టుకుంటూ వెళ్ళి కడిగేది. ఎంత అవమానం! ఇలాంటి దుర్భర పరిస్థితిలో ఆవిడ ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

సరే, వయసు మీద పడుతోంది కదా అని ఒకరోజు లాయరు దగ్గరికి వెళ్ళి, తన తర్వాత ఇల్లు శరణాలయానికి చెందేలా వీలునామా రాయించింది. అక్క కొడుక్కి ముందే చెప్పింది. సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టుంది వాడికి. "మంచి పని చేశావు పిన్నీ. ఆ ఇంటికి సున్నం వేయించే ఓపిక నాకు లేదు" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆగలేదు. మంగళవారం కుక్కకు సబ్బు రాస్తూ, సంతోషం పట్టలేక, మేనేజరమ్మకు కూడా చెప్పేసింది.

పాఠకులారా, వీలునామా మహిమ ఇక్కడి నుంచి చూడండి!

మరుసటి వారం గేటు దగ్గరే పూలగుత్తి. "రండి మేడమ్" అన్న పిలుపు. అప్పటిదాకా ఆఫీసు గదిలో పిల్లులు పడుకునే సోఫా ఉండేది. దాన్ని దులిపి, కొత్త గుడ్డ కప్పి, ఆవిడ కోసం ఉంచారు. 'లెగసీ సర్కిల్' అని, ఆస్తి రాసిచ్చిన దాతల బృందం ఒకటి పెట్టి, మెడలో బ్యాడ్జీ వేశారు. ఆ సర్కిల్లో ఉన్నది ఈవిడ ఒక్కతే. ఒక్క మనిషితో సర్కిల్ ఎలా అవుతుందని మీరడుగుతారు. మర్యాద ముందు లెక్కలు నిలబడవు.

ఫోన్ల సంగతి చెప్పనే లేదు. "ఆరోగ్యం ఎలా ఉంది మేడమ్?" అని మేనేజరమ్మ వారానికి రెండుసార్లు అడిగేది. "గుండ్రాయిలా ఉన్నాను" అని ఈవిడ చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. పాపం, సంతోషంతో మాట రాకే అయ్యుంటుంది! పుట్టినరోజుకు కార్డు వచ్చింది. ముందు వైపు 'నిండు నూరేళ్ళు జీవించండి' అని ఉంది, వెనక వైపు శరణాలయం కొత్త వార్డు ప్లాను ఉంది. ఒకసారి ఇంటికే వచ్చి, టీ తాగుతూ ముందు గదంతా కలియజూసి, "ఇక్కడ ఆపరేషన్ టేబుల్ సరిగ్గా సరిపోతుంది" అంది. వెంటనే నాలుక్కరుచుకుని, "అంటే, గాలి బాగా వస్తోందంటున్నాను మేడమ్" అంది. సొంత తోబుట్టువులైనా మన ఇంటి గాలి గురించి ఇంత ఆలోచిస్తారా?

అయితే ఈ భోగంలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఆ మొదటి మంగళవారమే, పూలగుత్తి పక్కన పెట్టి, చేతులు పైకి మడిచి, కండక్టరమ్మ పైపు అందుకోబోతే మేనేజరమ్మ పరుగున వచ్చి లాక్కుంది.

"అయ్యో మేడమ్, మీరు ముట్టుకోకూడదు."

"ఏం, నా చేతులకేమైంది?"

"చేతులకేం కాలేదు. నేల తడిగా ఉంది. జారితే?"

"ఇన్నాళ్ళూ తడిగానే ఉందిగా. కదిలే బస్సులో పడనిదాన్ని ఇక్కడ పడతానా?"

మేనేజరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీకెలా చెప్పాలో తెలియడం లేదు మేడమ్. ఇదివరకు మీరు జారిపడితే జారిపడ్డారనే అనుకునేవాళ్ళు. ఇప్పుడు మీ ఇల్లు మా పేరున రాశారు. మా నేల మీద, మా సబ్బు మీద కాలేసి మీరు పడ్డారనుకోండి. జనం ఏమంటారు? కమిటీ వాళ్ళు కూడా వద్దన్నారు. ఇల్లిచ్చిన వాళ్ళు ఇక్కడ పని చేయకూడదని రూలు పెట్టేశారు."

ఆ తర్కానికి తిరుగుందా? లేదు. నేనూ చాలా వెతికాను. దానం ఎంత పెద్దదైతే దాత అంత ఒద్దికగా కూర్చోవాలి. కండక్టరమ్మ కూర్చుంది. మంగళవారం మంగళవారం వెళ్ళి, సోఫాలో, జ్యూసు గ్లాసు పట్టుకుని కూర్చుంది. శుభ్రంగా తుడిచిన కుక్కపిల్లనొకదాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టి ఫొటో తీసేవారు, మళ్ళీ తీసుకెళ్ళిపోయేవారు.

గది కిటికీ అద్దంలోంచి పెరడు కనబడేది. ఇన్‌స్పెక్టరును ఎవరూ పట్టలేకపోయారు. స్నానం లేక, మందు లేక, దాని వీపు పుండు పడింది. గోడకు రాసుకుంటూ తిరుగుతోంది. ఒక మంగళవారం అది వచ్చి అద్దానికి అవతల నిలబడి, లోపలున్న ఈవిడ వాసన అందక, అద్దాన్నే నాకింది. కండక్టరమ్మకు ఏడుపొచ్చింది. ఇల్లిచ్చి తను కొనుక్కున్నది ఈ అద్దమేనా అనిపించింది. "మేడమ్, ఏసీ ఎక్కువైందా?" అని అడిగి మేనేజరమ్మ తగ్గించింది.

ఆ మర్నాడే కండక్టరమ్మ ఫోన్ చేసి, మనసు మారిందని, ఇల్లు అక్క కొడుక్కే రాసేశానని చెప్పేసింది. పచ్చి అబద్ధం. వీలునామా ఉన్నచోటే ఉంది, అక్షరం మారలేదు.

మేనేజరమ్మ చెడ్డదేం కాదు. "మీ ఇష్టమమ్మా, మీ ఇల్లు" అంది. మేడమ్ పోయి అమ్మ వచ్చేసింది, గమనించారా? తర్వాతి మంగళవారం గేటు దగ్గర పూలూ లేవు, మనిషీ లేదు. సోఫా మీద పిల్లులున్నాయి. కండక్టరమ్మ తిన్నగా పెరట్లోకి వెళ్ళి పైపు అందుకుంది. ఎవరూ లాక్కోలేదు. ఇన్‌స్పెక్టరు ముందు జేబులు వాసన చూసింది, తర్వాత కళ్ళు మూసుకుని నిలబడింది. దాని వీపంతా మందు నీళ్ళతో కడుగుతుంటే వెనకనుంచి మేనేజరమ్మ గొంతు వినబడింది. "ఆ ఒక్క కుక్కతోనే పొద్దుపుచ్చితే మిగతావి ఎవరు కడుగుతారమ్మా?" ఈవిడకు ప్రాణం లేచొచ్చింది.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నారా? మేనేజరమ్మ తన సెల్‌ఫోను రిపేరుకిచ్చేది అక్క కొడుకు కొట్లోనే. "ఇల్లు నీకే వచ్చిందటగా, అదృష్టవంతుడివి" అనేసింది.

ఆదివారాలు పిన్నీ కొడుకూ పేకాడుకోవడం అలవాటు. ఇద్దరూ దొంగాటే. ఇద్దరూ పట్టుబడేవాళ్ళే, ఇద్దరూ అరుచుకునేవాళ్ళే. ఆ ఆదివారం వాడు యాపిల్ పళ్ళతో వచ్చాడు. "బకెట్ నువ్వు ఎత్తకు పిన్నీ" అన్నాడు. "ఆ కుక్కల దగ్గరికి వెళ్ళడం తగ్గించకూడదూ, కరిస్తే ఏమన్నా ఉందా?" అన్నాడు. ఆటలో ఓడిపోయాడు. మళ్ళీ ఓడిపోయాడు. ప్రేమే, కాదనను. అయితే ఇల్లు రాకముందు వాడికి ఓడిపోయేంత ప్రేమ లేదు. కండక్టరమ్మ వాడి చేతిలో ముక్కలు లాక్కుని చూసింది. మూడు జోకర్లు!

"నోరు మూసుకుని సరిగ్గా ఆడు. ఇల్లు కుక్కలకే ఉంది. ఆవిడకి ఊరికే అలా చెప్పాను, నువ్వూ బయట పడనీయకు."

"ముందే చెప్పొచ్చుగా పిన్నీ, అనవసరంగా మూడు జోకర్లు చేతిలో పెట్టుకుని ఓడిపోయాను" అన్నాడు. ఆ తర్వాతి ఆటలో ముక్క దాచి దొరికిపోయాడు. వీధి చివరి దాకా అరుపులు వినిపించాయి.

కనుక పాఠకులారా, మొదట నేను చెప్పినదానిలో చిన్న సవరణ. వీలునామా రాయండి, తప్పకుండా రాయండి, సేవాసంస్థలకే రాయండి. వాళ్ళ చెవిన మాత్రం వేయకండి. ఇక సంస్థల వారికి ఒక్క మాట. ఇల్లివ్వబోయే మనిషికి ఈలోగా రెండు చేతులు కూడా ఉంటాయి బాబూ. వాటిని కూడా తీసుకోండి. అవి వీలునామాలో రాయడానికి కుదరదు.

ఈ మధ్య లాయరుకు జాలి కలిగిందట. "మీ తర్వాత అసలు సంగతి తెలిస్తే వాళ్ళెంత నొచ్చుకుంటారమ్మా? ఇంత ఇచ్చిన మనిషికి ఏ మర్యాదా చేయలేకపోయామే అనుకోరూ?" అన్నాడు.

కండక్టరమ్మ ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడే సమాధానం చెప్పింది.

"అప్పుడు చేసుకోమనండి లాయరు గారూ, ఎంత మర్యాదైనా. అప్పటికి నాకు వేరే పనేమీ ఉండదుగా."