రెండు నిమిషాల నూరుడు

స్తంభంలో ఎవరూ లేరని తీర్మానించినవాని గతి ఎరిగిన అహోబిల నృసింహునికి మ్రొక్కి విన్నవిస్తున్నాను: లోకంలో ఉన్నదంతా ఉన్నట్టు కాదు, నివేదికలో ఉన్నదే ఉన్నట్టు.

కోసిగి సుంకమ్మ చేలో బుడ్డచెట్లు, అనగా వేరుశనగ, వేరు కుళ్లి ఎండుతున్నాయి. ఏ క్రిమి తింటున్నదో తేలితేనే దానికి తగిన మందు సర్కారు ఇస్తుంది. (తేలకపోతే చేనే ఉండదు గనుక మందుతో పని లేదు.) అందుకని ఆమె కుళ్లిన వేళ్లు మూటగట్టుకొని కర్నూలులోని మృత్తికా జన్యుపఠన కార్యాలయానికి వచ్చింది.

అక్కడి పరీక్షాధికారి ఉమామహేశ్ నియమనిష్ఠలు గలవాడు. వేళ్లను యంత్రంలో సరిగ్గా రెండు నిమిషాలు నూరాడు. పలుచని తోలు గల క్రిములు పగిలి తమ డీఎన్‌ఏను సమర్పించుకున్నాయి. వేళ్లను తింటున్న దళసరి గోడల బూజు పగలలేదు. వెలువడిన డీఎన్‌ఏకు ముప్పై విడతలు నకళ్లు తీయగా, సులువుగా నకలయ్యేది కోట్లకు పెరిగింది. మొండిది ఒంటరిగా మిగిలింది. నివేదిక వచ్చింది: నిరపాయ క్రిములు నూటికి తొంభైతొమ్మిది. బూజు లేదు. చేను ఆరోగ్యంగా ఉన్నది.

"బూజు నా కంటికే కనపడతాండాది గదప్పా," అన్నది సుంకమ్మ.

"కన్ను మా పరికరాల జాబితాలో లేదమ్మా."

"రెండు నిమిషాల్లో ఏం నలుగుతాదప్పా? ఊరిబిండి పచ్చడికే మేం పది నిమిషాలు నూరతాం."

"రూలు రెండే. తలుపు తెరిచినోళ్లనే మేము లెక్క రాసుకునేది."

"మా ఊర్లో సగం మంది సుగ్గి కూలిపనులకని వలసపోయి తాళాలేసుకుండారు. ఊరే ల్యాదని రాస్తావా?"

"పోయిన సర్వేలో రాసినారు కదమ్మా." (ఆ శాఖ వేరు, నియమం ఒకటే.)

సుంకమ్మ గుమ్మంలో కూర్చున్నది. ఆమె కదలదని గ్రహించిన ఉమామహేశ్, భోజన విరామంలో, అనగా నియమాలు సైతం భుజించే వేళలో, పది నిమిషాలు నూరాడు. బూజు పగిలి నివేదికంతా నిండింది. ఒంటిగంటకు ముందు లేని బూజు ఒంటిగంటా పది నిమిషాలకు జన్మించినట్టు అతడు నమోదు చేసి, మందు మంజూరు చేశాడు.

వారం తిరక్కముందే మందు పట్టుకొని నాగరాజ్ అనే బంట్రోతు కోసిగి చేరాడు. నియమానుసారం సుంకమ్మ తలుపు రెండు నిమిషాలు తట్టాడు. ఆమె అప్పుడు చేలో కుళ్లిన చెట్లు పీకుతున్నది. "సుంకమ్మ అనువారు లేరు" అని రాసుకొని, మందుతో సహా తిరిగి వెళ్లాడు.

ఈ కథ విన్నవారందరూ పలుచని తోలు గలవారై, రెండు నిమిషాల్లోనే పగిలి, లెక్కలో ఉందురు గాక.