న్యూట్రాన్ బదిలీకి దరఖాస్తు

సృష్టిలో ఏ వస్తువైనా ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాలంటే బదిలీల విభాగం అనుమతి ఉండాలి. (ఈ సంగతి తెలియక నదులూ గాలులూ ఇంకా ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి.)

మా ఆడపడుచు పరమాణు కేంద్రకాల మీద పరిశోధన చేస్తుంది. మోయగలిగిన దానికంటే ఎక్కువ న్యూట్రాన్లను ఇరికించుకున్న కేంద్రకాలంటే ఆమెకి ప్రాణం. అవి సెకనులో సగం కూడా బతకవు. ఆ కాస్త వ్యవధిలోనే వాటిని భార హైడ్రోజన్ ఉన్న పల్చటి రేకు మీదికి విసురుతారు. ఆ హైడ్రోజన్‌లో ప్రోటాన్, న్యూట్రాన్ జంటగా ఉంటాయి. న్యూట్రాన్ వచ్చి కేంద్రకంలో చేరిపోతుంది. ఒంటరిగా మిగిలిన ప్రోటాన్ ఏ దిక్కుకి, ఎంత జోరుగా బయటపడిందో కొలిస్తే, న్యూట్రాన్ లోపల ఏ అంతస్తులో దిగిందో చెప్పవచ్చు. (తలుపు వేసిన చప్పుడుని బట్టి లోపల ఎవరు అలిగారో చెప్పడం లాంటిదే. దానికి మాత్రం ఎవరూ డాక్టరేట్ ఇవ్వరు.)

రెండేళ్లు వేచి ఉన్నాక, వాటిని విసిరే యంత్రం మీద ఆమెకి ఐదు రోజులు దొరికాయి, సోమవారం నుంచి. తప్పిపోతే మళ్లీ రెండేళ్లు. ఆలోగా ఆమె పరిశోధన గడువే తీరిపోతుంది. ప్రయోగానికి ముందు పెట్టే అనుమతి దరఖాస్తు అందరికీ అర్థమయ్యే మాటల్లో ఉండాలన్నది నిబంధన. ఆమె 'న్యూట్రాన్ బదిలీ' అని రాసింది. అందరికీ అర్థమైంది. కాగితం నేరుగా బదిలీల విభాగానికి వెళ్లింది.

గురువారం ఆమెకి తోడుగా నేనూ వెళ్లాను. పర్యవేక్షకుడు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఈ న్యూట్రాన్ ఇప్పుడున్న చోట ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారమ్మా?"

"సుమారు పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్లండీ," అంది మా ఆడపడుచు. నిజం చెప్పడం ఆమెకున్న ఒకే ఒక్క దురలవాటు.

"అబ్బో! ఒకే సీట్లోనా? అయితే కదపాల్సిందే. వెళ్లే చోట ఖాళీ ఉందా మరి?"

"ఉందో లేదో తెలుసుకోడానికే కదండీ ప్రయోగం!"

"ఖాళీ చూపించకుండా బదిలీ ఎట్లా కుదురుతుందమ్మా? పైగా అక్కడ ఇప్పటికే న్యూట్రాన్లు ఎక్కువని మీరే రాశారు." ఆయన గొంతు తగ్గించారు. "జంటని విడదీస్తున్నట్టు కూడా ఉంది. రేపు ఆ ప్రోటాన్ కోర్టుకెళ్తే ఎవరు తిరగాలి?"

"అది డిటెక్టర్‌లోకి వెళ్తుందండీ, కోర్టుకి కాదు. అబ్బా, వదినా, నువ్వన్నా చెప్పు!"

"సోమవారమేనండీ మొదలు. ఈ పిల్ల ఏళ్ల కష్టం," అన్నాను.

"ఆ మాట ముందే చెప్పొద్దూ?" ఆయన మనసు కరిగింది. అభ్యంతరాలన్నీ ఒక్క గీతతో కొట్టేశారు. "ఇక ఒక్కటే లోటు. బదిలీ కోరువారి సంతకం లేదు."

"న్యూట్రాన్ సంతకం పెట్టదండీ."

"ఎవరో ఒకరు పెట్టండమ్మా. గడి ఖాళీగా ఉండకూడదు, అంతే."

ఆమె పెట్టింది. గుండ్రంగా, గడి దాటకుండా.

శనివారం మధ్యాహ్నానికే ఉత్తర్వు ఇంటికి వచ్చింది. ఆ విభాగం చరిత్రలో అంత వేగం లేదట. సంతకం చేసినవారిని, వారి కోరిక మేరకు, హాస్టళ్ల దుప్పట్లు నిల్వచేసే విభాగానికి తక్షణమే బదిలీ చేశారు.

సోమవారం యంత్రం నిమిషం ఆలస్యం లేకుండా మొదలైంది. ఐదు రోజులూ ఎవరికోసమో తెలియకుండా నడిచి, నూటికి నూరు శాతం వినియోగం నమోదు చేసింది.

న్యూట్రాన్ సంగతి ఏమైందని నేనే ఫోన్ చేసి అడిగాను.

"ఆ ఫైలు మూసేశామమ్మా," అన్నారు పర్యవేక్షకుడు. "దరఖాస్తు పెట్టినావిడ ఇప్పుడు ఆ ప్రయోగశాలలో పనిచెయ్యట్లేదు కదా."