ఎర్రటోపీ వెనకాల కళ్ళజోళ్ళాయన

ఆదివారం తెల్లవారగానే లేచి, అడవి బాటలో ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి, పదింటికల్లా తిరిగొచ్చి షాపు తెరవాలన్నది కళ్ళజోళ్ళాయన పథకం. ఇందులో ఇరవై కిలోమీటర్ల సరదా ఆయనది కాదు. అది ఆయన స్నేహితులు లెక్కల మాస్టారిదీ, పళ్ళ డాక్టరుదీ. ఎముకలు కొరికే చలిలో ముసుగుతన్ని పడుకోవలసిన మనిషి వాళ్ళతో బయలుదేరడానికి కారణం, ముక్కు మీదున్న కొత్త అద్దాలు.

శుక్రవారం ఒక ఏజెంటు షాపుకొచ్చి, చలిలో ఎంత పరుగెత్తినా ఆవిరి పట్టని అద్దాలంటూ అరచేతిలో వైకుంఠం చూపించాడు. కళ్ళజోళ్ళాయన చలికాలానికి సరిపడా సరుకు దింపించుకుని, షాపు ముందు గుమ్మమంత బోర్డు కట్టించాడు. ఏజెంటు మురిసిపోయి, తన నెత్తిన ఉన్నదాని లాంటివే రెండు ఎర్ర ఉన్ని టోపీలు బహుమతిగా ఇచ్చి వెళ్ళాడు. పరుగులో ఆ అద్దాల మహిమ కళ్ళారా చూస్తే తన బడిలో ముప్పైమంది టీచర్లచేతా అవే కొనిపిస్తానని మాస్టారు మాటిచ్చాడు. ఆ మాట నిలబడితే షాపు నిలబడుతుంది. లేదంటే బోర్డుతో సహా పరువూ కిందికి దిగుతుంది.

“అమ్మేముందు ఒక్కసారి, మరుగుతున్న టీ గిన్నె మీద పెట్టి చూడండి,” అని భార్య ముందురోజే చెప్పింది.

“అమ్మేవాడికి నమ్మకం ఉండాలే, అనుమానం ఉండకూడదు,” అన్నాడాయన. పెళ్ళాం మాట వినని మగవాడి కథ ఎలా నడుస్తుందో మనకి తెలియనిది కాదు.

మూడో కిలోమీటరు దగ్గర అద్దాలకి ఆవిరి పట్టింది. పట్టడమంటే అలా ఇలా కాదు, సామాన్లు దింపుకుని కాపురం పెట్టేసింది. తుడిస్తే ఒక్క క్షణం పోయి రెండింతలై వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి మాస్టారు, “ఎలా ఉన్నాయోయ్ అద్దాలు?” అని కేకేశాడు.

“బ్రహ్మాండం! దుమ్ము పడుతుందని తీసి దాచుకుంటున్నా!”

“ఈ మంచులో దుమ్మేంటయ్యా?”

“మంచి సరుకుని అడ్డగోలుగా వాడతామా?” అని కళ్ళజోడు జేబులో పడేశాడు.

కళ్ళజోడు తీస్తే ఆయనకి చెట్టుకీ మనిషికీ ఒకటే తేడా, కదిలేది మనిషి. అదృష్టం కొద్దీ ఎర్రటోపీల్లో ఒకటి ముందు పరుగెత్తుతున్న డాక్టరు నెత్తిన ఉంది. ఆ ఎర్రచుక్కని పట్టుకుని పోతే చాలనుకున్నాడు. ఐదో కిలోమీటరు దగ్గర డాక్టరు ‘ఒక్క నిమిషం’ అన్నట్టు చిటికెనవేలు చూపించి పొదల చాటుకి వెళ్ళాడు. పాపం, ఆ వేలు ఎవరికి కనిపించాలి? ఈయనకి కనిపించింది ఒక్కటే. పక్కదారి నుంచి వచ్చి ముందు పడిన ఎర్రటోపీ.

ఆ టోపీ ఒకసారి వెనక్కి తిరిగింది. తిరిగి, కాళ్ళకి బుద్ధి చెప్పింది.

‘ఓహో, డాక్టరు ప్రతాపం చూపిస్తున్నాడు,’ అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. తప్పిపోతే అడవిలో దారి తెలియదు. దారి తెలియలేదంటే చూపు ఆనలేదని తెలిసిపోతుంది. పంటి బిగువున పరుగు పెంచాడు.

“ఎక్కడికి పోతావయ్యా? ఎంత దూరం పోతావో నేనూ చూస్తా!” అని సరదాగా అరిచాడు. ఎర్రటోపీ ఇంకా వేగం పెంచింది.

“ఇవాళ నిన్ను వదిలేది లేదు!” అన్నాడు మరింత సరదాగా. ఎర్రటోపీ, “బాబోయ్!” అంటూ ముళ్ళకంచె దూకింది. ఈయనా దూకాడు. ప్యాంటులో కొంత కంచెకే ఉండిపోయింది.

వెనక మాస్టారూ, పొదల్లోంచి వచ్చిన డాక్టరూ ఇదంతా చూసి నిర్ఘాంతపోయారు. బద్ధకానికి బ్రాండు అంబాసిడర్ లాంటి మనిషి అలా తరుముతున్నాడంటే అవతలివాడు దొంగే అయ్యుండాలి. “దొంగ! దొంగ!” అంటూ వాళ్ళూ పరుగు లంకించుకున్నారు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ న్యాయంగా కుక్కని వదిలేసింది. దొంగ తన వెనకే ఉన్నాడనుకుని కళ్ళజోళ్ళాయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, జన్మలో ఎరగని వేగం అందుకున్నాడు.

వాగు దగ్గర ఎర్రటోపీ జారి బురదలో పడింది. ఈయనకి వాగూ కనిపించలేదు, బురదా కనిపించలేదు, కాబట్టి సూటిగా వెళ్ళి దాని మీద పడ్డాడు.

“కొట్టకండి సార్! మీకు దణ్ణం పెడతా!” అంది టోపీ కిందున్న గొంతు. “ఆ అద్దాలు పనిచెయ్యవని నాకు ముందే తెలుసు సార్. పొట్టకూటి కోసం అమ్మాను. రేపొద్దున్నే మొత్తం సరుకు వెనక్కి పట్టుకెళ్తా!”

అది ఏజెంటు గొంతు. పాపం అతనూ ఆదివారాలు ఇక్కడే పరుగెత్తుతాడట. తన కంపెనీ అద్దాలు తను వాడడు కాబట్టి, తరుముతున్నదెవరో మంచులో కూడా శుభ్రంగా కనిపించింది.

కళ్ళజోళ్ళాయన బుర్ర చకచకా పనిచేసింది. “నాకు తెలియదనుకున్నావా?” అన్నాడు గంభీరంగా.

ఇంతలో అందరూ రొప్పుతూ చేరుకున్నారు. విషయం విని మాస్టారు కావలించుకున్నంత పని చేశాడు. “మా టీచర్లు మోసపోకూడదని ఇంత దూరం తరిమావా!” డాక్టరు మాత్రం తల గోక్కున్నాడు. “అదిసరే, ఈ మంచులో, అంత దూరం నుంచి, కళ్ళజోడు లేకుండా ఇతన్ని ఎలా గుర్తుపట్టావు?”

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. కానీ ఏమని చెప్తాడు? నువ్వనుకున్నానని చెప్తాడా? ఊరి చూపు దిద్దే మనిషి డాక్టరుకీ ఏజెంటుకీ తేడా తెలియక ఏడు కిలోమీటర్లు పరుగెత్తాడంటే, ఆ షాపు మెట్లెక్కేదెవరు?

“పరుగు మొదలెట్టాక... కాస్త స్పష్టంగానే కనిపిస్తోందిలే,” అన్నాడు.

మాస్టారు ఈ మాట టీచర్ల గదిలో చెప్పాడు. డాక్టరు తన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి చెప్పాడు, వాళ్ళకి ఎదురు చెప్పే వీలు లేదు. బుధవారానికల్లా పరుగెత్తితే చూపొస్తుందని ఊరంతా గుప్పుమంది. గురువారం ముగ్గురు వచ్చి, “కొన్నాళ్ళు పరుగెత్తి చూస్తామండీ,” అని ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. శనివారం షాపులోకి వచ్చింది ఒక్క ఈగ.

“రేపు వెళ్ళి నిజం చెప్పండి. లేకపోతే షాపుకి తాళం వేసి, తాళంచెవి నేనే దాచేస్తా,” అంది భార్య. ఈసారి ఆయన విన్నాడు.

ఆదివారం అడవి బాట మొదట్లో నలభైమంది, కళ్ళజోళ్ళు జేబుల్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఒకాయన కరెంటు స్తంభానికి నమస్కారం పెట్టి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతున్నాడు. కళ్ళజోళ్ళాయన గబగబా ముందుకొచ్చాడు. రాయెక్కి, పాత కళ్ళజోడు పెట్టుకుని, సిగ్గు విడిచి మొత్తం చెప్పేశాడు.

“నాకు చూపు రాలేదండీ! ఆ రోజు నాకు మనిషే ఆనలేదు. డాక్టరనుకుని వెంటపడ్డాను. బాబ్బాబు, కళ్ళజోళ్ళు పెట్టుకోండి, పడిపోతారు!”

మాస్టారు పకపకా నవ్వాడు. “విన్నారా? బేరాలు పోతాయని ఎంత కథ అల్లాడో!”

“వ్యాపారస్తుడు కదండీ, ఆ మాత్రం ఉంటుంది,” అంది కుక్కావిడ జాలిగా.

ఎవరో ఆయన్ని మెల్లగా రాయి మీంచి దింపి, కళ్ళజోడు తీసి చేతిలో పెట్టి, పరుగుకి అందరికంటే ముందు నిలబెట్టారు. షాపు పెట్టిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నికార్సయిన సరుకు బయటికి తీసింది ఆ ఒక్క ఉదయమే. ఒక్కరూ కొనలేదు.